బంగారుపేటలో లేని మారప్ప

రాబర్ట్‌సన్‌పేటలో ఆదినారాయణప్పను పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ అతను పిగ్మీ అప్ప. పొద్దున అయిదున్నరకు మోపెడ్ తీస్తే మధ్యాహ్నం రెండు దాకా అంగడి అంగడికీ తిరిగేవాడు. పూలబుట్ట ముందు కూర్చున్నామె పది ఇచ్చేది, టీ అంగడివాడు యాభై, బట్టలకొట్టువాళ్ళు రెండు వందలు. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళిచ్చింది తీసుకుని, చీటీ చేతిలో పెట్టి, బ్యాంకు మూసేలోగా ఎవరి పేరు మీద వాళ్ళకు కట్టేసేవాడు. ఈ రోజువారీ పొదుపునే ఆ వైపు పిగ్మీ అంటారు. బ్యాంకు గడప తొక్కడానికి తీరికా ధైర్యమూ లేనివాళ్ళకు ఆదినారాయణప్పే బ్యాంకు. వసూలైన ప్రతి వందకూ సహకార బ్యాంకు అతనికి మూడు రూపాయలిచ్చేది. ఆ కమీషను మీదే ఇల్లు గడిచింది, కూతురు శశికళ టీచరు చదువు చదివింది.

కామసముద్రం దగ్గర పల్లెలో రాగి చేను అన్నదమ్ములు పంచుకోగా తన వంతు చాలక, ఇరవయ్యెనిమిదేళ్ళ వయసులో ఈ కేజీఎఫ్ బంగారు గనుల ఊరికి వచ్చాడు. గనులు మూతపడిన ఏడాది జనం దాచుకున్నదంతా ఒక్కసారి తీసుకున్నారు. బ్యాంకు ఉంటుందో పోతుందో అని ఊరంతా గుసగుసలు. ఆ నెలంతా ఆదినారాయణప్ప ఇంటింటికీ తిరిగి, ఒక్కరి డబ్బు కూడా ఒక్క రోజు ఆలస్యం కాకుండా తెచ్చిచ్చాడు. అప్పటినుంచి అతని మాటకు బజారులో ఒక విలువ ఏర్పడింది. ఆడపిల్లకు సంబంధం చూసినా, స్థలం కొనబోయినా, "పిగ్మీ అప్పను ఒక మాట అడుగు" అనేవాళ్ళు.

అతని రోజు కోరమాండల్ స్టేషను ముందర మొదలయ్యేది. బెంగళూరు, మాలూరు ఉద్యోగాలకు పోయేవాళ్ళు తొలి రైలు ఎక్కే వేళకు అక్కడ చిన్నవెంకటమ్మ ఇడ్లీ బండి ఆవిరి కక్కుతూ ఉండేది. ఆమెది కూడా కామసముద్రం వైపే. మొగుడు పోయాక కొడుకు నందీశ్‌ను చంకనేసుకుని వచ్చి ఆ బండి పెట్టుకుంది. ఆదినారాయణప్పకు ఆమె మొదటి బోణీ. రోజుకు వంద. వానొచ్చినా జ్వరమొచ్చినా, చెంగు ముడి విప్పి వంద తీసి, "ఇదిగో అప్పా, దాచిపెట్టు" అనేది. బ్యాంకులో అని అనేది కాదు. అతనే దాచిపెడతాడని ఆమె లెక్క.

నందీశ్ మాలూరులో ఫ్యాక్టరీ పనికి కుదిరి, వీణను పెళ్ళి చేసుకున్నాక ఆమెకు తోడు దొరికింది. వీణ పీయూసీ, అంటే ఇంటరు, చదివిన పిల్ల. తెల్లవారకముందే పిండీ చట్నీ సిద్ధం చేసి, అత్తతో పాటు బండి దగ్గర నిలబడి, ఒక చేత్తో పొట్లాలు కడుతూ ఇంకో చేత్తో చిల్లర లెక్కపెట్టేది. చిల్లర దగ్గరే ఎప్పుడూ తగాదా. ఇరవై రూపాయల ఇడ్లీకి అయిదు వందల నోటు ఇచ్చి రైలు కూత వినబడుతోందని తొందరపెట్టేవాళ్ళే అందరూ.

అలాంటి రోజుల్లో ఊళ్ళోకి స్కాన్ స్టిక్కర్లు వచ్చాయి.

మొదట మందుల షాపులో, తర్వాత బేకరీలో. ఆదినారాయణప్ప పట్టించుకోలేదు. గనులే పోయాయి, బజారు పోలేదు, ఈ కాగితం ముక్కలేం చేస్తాయని అనుకున్నాడు. కరోనా తగ్గి రైళ్ళు మళ్ళీ నడిచేసరికి బజారు మారిపోయింది. నోటు ముట్టుకోవడానికి భయపడిన జనం ఫోనుకు అలవాటుపడ్డారు. కొబ్బరికాయల హనుమంతప్ప ఒకరోజు నవ్వుతూ, "ఇంగ పిగ్మీ ఎందుకప్పా? దుడ్డు నేరుగా ఖాతాకే పోతా ఉండాది. చేతిలో ఉంటే కదా నీకిచ్చేది" అన్నాడు. పదిహేనేళ్ళుగా రోజూ యాభై కట్టిన మనిషి. అతని వెనకే మంగలి షాపు, బీడీల అంగడి, జెరాక్సు షాపు. ఒక్క నెలలో ఏడుగురు మానేశారు. నూట నలభై మంది ఉన్న పుస్తకంలో పేర్లు కొట్టేయడం మొదలైంది.

అతను బ్యాంకు మేనేజరు అమర్నాథ్‌ను అడిగాడు. "ఆ స్కాన్‌తో మోసమేమీ జరగదా సార్?"

"డబ్బు తీసుకునేవాళ్ళకు భయమేముంది ఆదినారాయణప్పా? రహస్య నంబరు ఎవరికీ చెప్పకుంటే చాలు" అన్నాడు అమర్నాథ్, కాగితాల మీదినుంచి తల ఎత్తకుండానే.

కాబట్టి ఆదినారాయణప్పకు తెలియక జరిగిందేమీ కాదు. తర్వాతి కాలంలో తనకు తాను ఎన్ని సర్దుబాట్లు చెప్పుకోబోయినా ఈ ఒక్క సంగతి అడ్డం వచ్చేది. అడిగాడు, తెలుసుకున్నాడు, తెలిసే చేశాడు.

అమర్నాథ్‌ను అడిగిన వారం లోపలే, ఒక పొద్దున స్టేషను ముందుకు పోయేసరికి చిన్నవెంకటమ్మ బండి అద్దానికి కొత్త స్టిక్కరు మెరుస్తోంది.

"కాస్త ఆగప్పా, నీకోసమే చూస్తా ఉండాను" అంది ఆమె. "కంపెనీ మనిషంట, నిన్న వచ్చి అంటించి పోయినాడు. చిల్లర గోల ఉండదంట. వీణ మంచిదే అంటాది. నువ్వేమంటావు? నా దుడ్డు సంగతి నీకు తెలిసినట్టు ఇంగెవరికి తెలుసు?"

వీణ ఇడ్లీలు తీస్తూ అతని మొహం వైపు చూసింది. ఆ చూపులో ఆశ ఉంది. పిగ్మీ అప్ప సరేనంటే అత్త సరేనంటుందని ఆమెకు తెలుసు.

ఆదినారాయణప్పకు పుస్తకంలో కొట్టేసిన ఏడు పేర్లు గుర్తొచ్చాయి. ఎనిమిదోది తన మొదటి బోణీ.

"పెట్టుకోవద్దక్కా" అన్నాడు.

"ఎందుకప్పా?"

"బంగారుపేట మార్కెట్టులో మారప్ప అని కూరగాయలోడు ఉండాడు. ఇట్లే అంటించుకున్నాడు. ఒక పొద్దు లేచి చూస్తే ఖాతాలో పద్దెనిమిది వేలు లేవు. ఇంగా పోలీసు స్టేషను చుట్టూ తిరగతా ఉండాడు పాపం."

మారప్ప అనేవాడు లేడు. కానీ ఆ మాటలు నోట్లోంచి వస్తున్నంతసేపూ ఆదినారాయణప్పకు ఆ మనిషి కనబడ్డాడు. సన్నగా, బుగ్గలు లోపలికి పోయి, టమాటా బుట్టల వెనక దిగాలుగా కూర్చుని ఉన్నాడు. 'పాపం' అన్న మాట అందుకే అంత సహజంగా వచ్చింది.

"అదెట్ల పోతుందప్పా?" అంది వీణ. "తీసుకునేవాళ్ళకి నంబరు కొట్టే పనే లేదు కదా. ఇచ్చేవాళ్ళే కొట్టాల."

ఆ పిల్ల అడిగింది సరిగ్గా అడిగింది. ముప్పై ఏళ్ళుగా లెక్కల్లో ఎవరూ తనను తప్పుపట్టలేదు. రైలెక్కబోయేవాళ్ళు నలుగురు చుట్టూ నిలబడి వింటున్నారు. అతనికి ఉడుకుమోత్తనం వచ్చింది.

"ఇది ఎవరి ఫోనుకి కట్టినారమ్మా?" అని అడిగాడు.

"నా ఫోనుకే. అత్తది బటన్ ఫోను కదా."

"అంటే దుడ్డు పోయేది నీ ఖాతాకి." అతను వీణను వదిలి చిన్నవెంకటమ్మ వైపు తిరిగాడు. "చూసుకో అక్కా. పొద్దంతా పొయ్యి కాడ కాలేది నువ్వు. దుడ్డు పడేది ఇంకొకరి ఖాతాలో. నాకు తోచింది చెప్పినాను, ఇంగ నీ ఇష్టం."

ఆ తర్వాత ఎప్పటిలాగే వంద తీసుకుని, చీటీ ఇచ్చి, మోపెడ్ ఎక్కాడు. చిన్నవెంకటమ్మ చెంగు మళ్ళీ ముడి వేసుకుంది. వీణ చేతిలోని గరిటె మాత్రం అలాగే ఆగిపోయి ఉంది.

మరునాటికి అద్దం మీద స్టిక్కరు లేదు. కత్తితో గీకినట్టు తెల్లటి మచ్చ మిగిలింది. వీణ కూడా లేదు. "ఒంట్లో బాగలేదంట" అంది చిన్నవెంకటమ్మ పొడిగా. పదిహేను రోజుల తర్వాత నందీశ్, వీణ మాలూరుకు కాపురం మార్చారని తెలిసింది. ఫ్యాక్టరీకి దగ్గరని పోయారని ఆమె చెప్పింది. ఆదినారాయణప్ప ఆ మాట నమ్మాడు. నమ్మడమే అతనికి సుఖంగా ఉంది.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఒక బండి ఎలా ఆరిపోతుందో అతను రోజూ దగ్గరుండి చూశాడు. బండికి ఎదురుగా ఒక తమిళ దంపతులు ఇడ్లీ దోసెల బండి పెట్టారు. వాళ్ళ దగ్గర స్టిక్కరూ, డబ్బు పడగానే పైకి చెప్పే చిన్న పెట్టె కూడా ఉన్నాయి. జనం అటు మళ్ళారు. పాత అభిమానం కొద్దీ చిన్నవెంకటమ్మ దగ్గరికి వచ్చినవాళ్ళు కూడా జేబులు తడుముకునేవాళ్ళు. ఒకరోజు కాలేజీ పిల్ల ఒకతి పొట్లం చేతిలోకి తీసుకున్నాక, "అవ్వా, స్కాన్ లేదా?" అంది. లేదనేసరికి పొట్లాన్ని మెల్లగా బండి మీద పెట్టి, "నా దగ్గర దుడ్డు లేదవ్వా" అని సిగ్గుపడింది.

"తీసుకోమ్మా, రేపియ్యి" అంది చిన్నవెంకటమ్మ.

అలా తీసుకున్నవాళ్ళలో కొందరు మరునాడు తెచ్చిచ్చారు, కొందరు మరిచిపోయారు. పిగ్మీ వంద నుంచి యాభై అయింది, యాభై నుంచి ఇరవై. తర్వాత కొన్ని పొద్దుల్లో, "ఈ పొద్దుకి లేదప్పా" అనేది. వ్యాపారం చెడినందుకు కాదు, అతన్ని ఖాళీ చేతులతో పంపుతున్నందుకు నొచ్చుకునేది. ఆ నొచ్చుకోవడం చూడలేక ఆదినారాయణప్ప ఒకసారి నోరు తెరిచాడు.

"అక్కా, ఆ స్టిక్కరు సంగతి..."

"దాని ఊసెత్తొద్దప్పా. నీ మాట విని మంచి పని చేసినాను. రెండు రూపాయలు తక్కువొస్తే వచ్చింది, నా దుడ్డు నా కొంగున ఉండాది."

ఆ మాటతో అతని నోరు మూతపడింది. నిజానికి ఆ రోజు చెప్పకుండా తప్పించుకోవడానికి ఆమె మెచ్చుకోలును అడ్డం పెట్టుకున్నాడు. చెప్పదలచుకుంటే అప్పుడూ చెప్పొచ్చు. తొందరేముంది, ఇంకో రోజు చెబుదాం అనుకుంటూ మోపెడ్ తీశాడు. ఆ ఇంకో రోజు రాకముందే ఆమె బండి అమ్మేసింది. తమ్ముడి పొలం పక్కన పాత ఇంట్లో ఆవును పెట్టుకుని బతుకుతానని కామసముద్రం పోవడానికి సిద్ధపడింది. ఆమె చివరి పిగ్మీ మొత్తం వడ్డీతో సహా తెచ్చిస్తే, లెక్కపెట్టకుండానే పెట్టెలో పెట్టుకుంది.

"చూసుకోక్కా" అన్నాడు.

"నువ్వు తెచ్చినాక చూసేదేముంది?" అంది.

మరుసటి సంవత్సరం సహకార బ్యాంకు కూడా తన సొంత స్టిక్కరు తెచ్చింది. పిగ్మీ ఏజెంట్లే అంగళ్ళకు తిరిగి వాటిని అంటించాలని అమర్నాథ్ చెప్పాడు. ఒక్కో స్టిక్కరుకు ఇంత అని కమీషను ఇచ్చారు. శశికళ కొనిచ్చిన కొత్త ఫోను జేబులో పెట్టుకుని, చేతిలో స్టిక్కర్ల కట్టతో ఆదినారాయణప్ప బయల్దేరాడు. ఏది వద్దని చెప్పాడో అదే ఇప్పుడు పెట్టుకొమ్మని చెప్పాలి. మొదటి రెండు మూడు అంగళ్ళలో మాట తడబడినా, తర్వాత అలవాటైంది.

ఆండర్సన్‌పేటలో పూలమ్మే ఒక పెద్దామె దగ్గరికి పోయాడు. అతనికి ముక్కూ మొహం తెలియని మనిషి. స్టిక్కరు చూడగానే చేయి అడ్డం పెట్టింది.

"వద్దయ్యా, వద్దు. మాకు తెలుసు దాని సంగతి. బంగారుపేట మార్కెట్టులో మారప్ప అని ఉండాడంట. దీన్ని పెట్టుకుంటే ఖాతాలో లక్షా ఎనభై వేలు ఊడ్చేసినారంట. ఆ మనిషి ఉరేసుకోబోతే ఇరుగుపొరుగు కాపాడినారంట."

ఆదినారాయణప్ప అక్కడే పూలబుట్ట పక్కన కూర్చుండిపోయాడు. తను పుట్టించిన మనిషి తను లేని చోట్ల తిరిగాడు. డబ్బు పోగొట్టుకున్నాడు, చావబోయాడు, బతికాడు. ఇంకెన్ని బండ్ల దగ్గరికి పోయాడో, ఎన్ని అద్దాల మీది స్టిక్కర్లు గీకించాడో.

"ఎవరు చెప్పినారమ్మా నీకు?" అని అడిగాడు.

"అందరూ అంటారు. రాబర్ట్‌సన్‌పేటలో ఎవరో పిగ్మీ ఆయన చెప్పినాడంట. ఆయన అబద్ధమాడే మనిషి కాదంట."

ఆ రోజు మిగతా స్టిక్కర్లు అంటించలేదు. ఇంటికి పోయి భోజనం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే లేచాడు. ఏమైందని భార్య అడిగితే ఎండ దెబ్బన్నాడు. ఇంకొక అబద్ధం. మరునాడు పొద్దున్నే కామసముద్రం బస్సెక్కాడు.

అతన్ని చూసి చిన్నవెంకటమ్మ మొహం విప్పారింది. ఆవుకు గడ్డి వేస్తున్నది చేతులు దులుపుకుని, "రా అప్పా రా! ఏందింత దూరం! నన్ను మరిచిపోయినావనుకున్నాను" అంటూ చాప పరిచి, పొయ్యి మీద కాఫీకి పాలు పెట్టింది. కాఫీ తాగాక చెప్పొచ్చనుకుంటే ఇంక ఎన్నటికీ చెప్పలేనని అతనికి అర్థమైంది.

"మారప్ప లేడక్కా" అన్నాడు నిలబడే.

"ఏ మారప్ప?"

"బంగారుపేట కూరగాయలోడు. ఖాతాలో దుడ్డు పోయిందని చెప్పినాను చూడు, ఆ మనిషి. అట్లాంటోడు ఎవరూ లేడు. నేనే పుట్టించినాను."

ఆమెకు వెంటనే ఎక్కలేదు. కళ్ళు చికిలించి చూసింది. "ఎందుకప్పా?"

"నువ్వు ఆ స్టిక్కరు పెట్టుకుంటే పిగ్మీ మానేస్తావని. అందులో మోసం లేదని నాకి తెలుసు. మేనేజరును అడిగి తెలుసుకున్నాను కూడా. తెలిసే చెప్పినాను."

చిన్నవెంకటమ్మ లేచి వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. పాలు దించలేదు. వెనక్కి వచ్చి గడప మీద కూర్చుంది.

"బండి పోతే పోయింది" అంది. "వీణను నేను దొంగ అన్నాను."

ఆదినారాయణప్పకు అది తెలియదు.

"నువ్వు ఖాతా ఎవరిదని అడిగి పోయినావు చూడు, ఆ మధ్యాహ్నం ఇంటికి పోయి దాని ఫోను లాక్కున్నాను. నా కొడుకు ఎదురుగానే, నా చెమట దుడ్డు నీ ఖాతాకి మళ్ళించుకుందామనుకున్నావా దొంగదానా అన్నాను. కడుపుతో ఉండాది అప్పుడు. అది ఏడవలేదు, అరవలేదు. నా మొహమే చూస్తా నిలబడింది. మనవరాలు పుట్టి రెండేండ్లు దాటింది, నేను ఇంగా ఎత్తుకోలేదు."

అతను చాప మీద కూలబడ్డాడు. ఫ్యాక్టరీకి దగ్గరని పోయారని చెప్పినప్పుడు తను ఎంత సులువుగా నమ్మేశాడో గుర్తొచ్చింది. క్షమించమనే మాట నాలుక దాకా వచ్చింది కానీ, అది అడగడం కూడా ఇంకొక వసూలు లాగే అనిపించి మానుకున్నాడు.

"నాలుగేండ్లు నాతో పాటు తెల్లారకముందు లేచి పిండి రుబ్బింది" అంది ఆమె. "దాని మాట కంటే నీ మాట ఎక్కువయింది నాకి. నిన్ను తిట్టి ఏం లాభం? నేనే అట్లయిపోతిని." ఆమె గొంతు హఠాత్తుగా గట్టిపడింది. "పో అప్పా. నాకి చెప్పినట్టే పోయి దానికి చెప్పు. నేను చెప్తే అది నమ్మదు. నమ్మాల్సిన పనీ లేదు."

నందీశ్ నంబరు చీటీ మీద రాయించుకుని బయటికి వచ్చాడు. ఆమె వీధి దాకా రాలేదు.

ఆదివారం మాలూరు పోయాడు. రైల్వే గేటు దగ్గర వరసగా ఉన్న అద్దె గదుల్లో చివరిది. నందీశ్ డ్యూటీకి పోయాడు. వీణకు కూడా ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు పని, ఆదివారం సెలవు. బట్టలు ఆరేస్తున్నది అతన్ని చూసి ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కొంగు సర్దుకుని, "కూచోండి" అంది. పాప తల్లి కాలు పట్టుకుని అతని వైపు తొంగి చూసింది. చిన్నవెంకటమ్మ కనుబొమలే.

అతను బస్సులో మనసులో అనుకున్న వరుసలో చెప్పలేకపోయాడు. ముందు మారప్ప, తర్వాత మేనేజరు, మళ్ళీ మారప్ప. వీణ అడ్డం రాకుండా విన్నది.

"మారప్ప లేడని నాకు ఆ పొద్దే తెలుసప్పా" అంది. "తీసుకునేవాళ్ళ దుడ్డు అట్ల పోదని కంపెనీ ఆయన చూపించినాడు. నాకు బాధయింది అది కాదు. ఖాతా ఎవరిదని అడిగినారు చూడండి, అది. అబద్ధమైతే కాదని వాదించేదాన్ని. అది నిజమే కదా. నిజానికి నేనేం జవాబు చెప్పేది?"

ఆదినారాయణప్ప తల వంచుకున్నాడు. ఇన్నాళ్ళూ అతను తన అబద్ధాన్నే మోస్తున్నాననుకున్నాడు. ఈ పిల్ల బతుకును కోసింది అతను చెప్పిన నిజం.

"అత్తకి బ్యాంకులో ఖాతా తెరిపించి, ఫోను కొనిచ్చి, ఆమె పేరుకే మార్చాలని అనుకుంటా ఉండాను" అంది వీణ. "ఆ వారమే. చెప్పేదానికి టైము దొరకలేదు." ఆపైన అడిగింది, "మా అత్త పిగ్మీ మీద మీకు నెలకి ఎంత వచ్చేదప్పా?"

అతనికి లెక్కపెట్టే అవసరం లేదు. "తొంభై" అన్నాడు.

"తొంభయ్యా" అంది వీణ. ఎగతాళి లేదు, కోపం లేదు. పాప ముక్కు తుడిచి, మిగిలిన బట్టలు దులిపి ఆరేయసాగింది. ఆమె తిట్టి ఉంటే బాగుండునని అతను అనుకున్నాడు.

"అత్తకి చెప్పినారా ఇది?"

"చెప్పినాను. ఆమే నన్ను పంపించింది."

వీణ చటుక్కున తిరిగింది. "ఆమె పంపించిందా?" తర్వాత గొంతు తగ్గించి, "ఏమన్నాది?" అంది.

"నిన్ను అన్న మాట చెప్పింది. పాపను ఎత్తుకోలేదని చెప్పింది."

"ఆ మాట ఆమె వచ్చి చెప్పాల. మీ చేత చెప్పించేది కాదు" అంది వీణ. అతను లేచాక గుమ్మం దాకా వచ్చింది. "ఇంగ రావద్దప్పా. కోపంతో చెప్పేది కాదు. మిమ్మల్ని చూస్తే ఆ పొద్దు కళ్ళముందుకి వస్తా ఉండాది."

అత్తే వచ్చి చెప్పాలన్న వీణ మాటను ఒక కాగితం మీద రాసి నందీశ్ చేత తల్లికి చేరవేయాలనుకున్నాడు కానీ, మధ్యలో తన నోరు ఇంకెక్కడా పెట్టకూడదని ఊరుకున్నాడు. వీణకు చెప్పి వచ్చానని మాత్రం చిన్నవెంకటమ్మ తమ్ముడి ఫోనుకు కబురు పెట్టాడు.

అప్పటినుంచి బజారులో అతనికి ఒక కొత్త పని పడింది. తన పుస్తకంలో మిగిలిన ముప్పై ఇద్దరికీ, మానేసినవాళ్ళకు కూడా, మారప్ప కథ తను కల్పించిందని చెప్పసాగాడు. ఎందుకు కల్పించాడో కూడా చెప్పాడు. కొందరు నవ్వారు, కొందరు అతను వెళ్ళాక పాత చీటీలు తీసి చూసుకున్నారు. హనుమంతప్ప మాత్రం, "పోనీలేప్పా, పొట్టకోసమే కదా" అన్నాడు. ఆ ఓదార్పు ఆదినారాయణప్పకు గుచ్చుకుంది. ఆండర్సన్‌పేట పూలామె అయితే ఒప్పుకోనే లేదు. "నీకి తెలీదయ్యా, నిజంగానే జరిగింది" అని అతన్నే కసిరింది. పిగ్మీ పుస్తకంలో మరి తొమ్మిది పేర్లు పోయాయి. ఈసారి అతను ఎవరినీ ఆపలేదు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం నందీశ్ ఫోను చేశాడు. అతని గొంతులో మర్యాద ఉంది, చనువు లేదు.

"అమ్మ వచ్చిందప్పా. రెండు పొద్దులుండి పోయింది. వీణ పెద్దగా మాట్లాడలేదు. అమ్మ ఏం చెప్పిందో నాకి తెలీదు, ఇద్దరూ వంటింట్లో ఉండారు. అయితే సోమవారం పాపను అమ్మ కాడ వదిలిపెట్టి వీణ డ్యూటీకి పోయింది. మీకి చెప్పాలనిపించింది" అని పెట్టేశాడు.

ఆదినారాయణప్ప ఆ మాటలను చాలా రోజులు మనసులో తిప్పుకున్నాడు. సంతోషించే హక్కు తనకు ఉందో లేదో తేలలేదు. పాపకు రెండేళ్ళ పాటు దొరకని నాన్నమ్మ ఒడి, చిన్నవెంకటమ్మకు దక్కని ఆ మొదటి అడుగులూ మొదటి మాటలూ ఎవరు తెచ్చిస్తారు? ముప్పై ఏళ్ళలో ఎవరి డబ్బూ పోనివ్వలేదని గర్వపడిన మనిషికి, పోగొట్టింది తిరిగి కట్టే దారి లేని చోటు ఇదొక్కటే కనబడింది.

పోయిన దీపావళికి ముందు రాబర్ట్‌సన్‌పేట బట్టల వీధిలో అతనికి వాళ్ళు ఎదురయ్యారు. పాప చిన్నవెంకటమ్మ చంకలో ఉంది, కొత్త గౌను కవరును రెండు చేతులా పట్టుకుని ఉంది. వెనక వీణ. వీధి ఇరుకు, తప్పుకునే చోటు లేదు. ఆదినారాయణప్ప ఒక అంగడి మెట్టు మీదికి జరిగి నిలబడ్డాడు. వీణ చూసి తల కొద్దిగా ఊపింది. చిన్నవెంకటమ్మ కూడా చూసింది. పాతికేళ్ళకు పైగా పొద్దున్నే మొదట చూసిన మొహం కదా, చూడకుండా ఉండలేకపోయింది. ఆమె పెదవులు ఒకసారి కదిలినట్టే అనిపించింది. కానీ పాపను ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకుని, జనంలో దారి చేసుకుంటూ ముందుకు పోయింది.

అతను పిలవలేదు. వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆ మెట్టు మీదే నిలబడ్డాడు. లోపలినుంచి అంగడివాడు ఏం కావాలప్పా అని అడిగితే, ఏమీ వద్దని దిగాడు.